కౌంటర్ మీద ఆనించిన రెండు చేతులు

(లండన్‌లో తెలుగువాళ్ళం నెలకోసారి కలుసుకునే ఆదివారం సమావేశంలో చేసిన ప్రసంగం. రికార్డింగ్ విని రాసింది.)

అందరికీ నమస్కారం. వెనక వరసకి వినిపిస్తోందా? సరే. పిల్లలకి పక్క గదిలో ఏదో కార్టూన్ పెట్టారు, నలభై నిమిషాలదట. అది అయ్యేలోపు నేనూ ముగించాలి.

ముందు ఒక తికమక తీర్చేస్తాను. ఇవాళ మనం మాట్లాడుకునే మనిషి మానే, ఫ్రెంచి చిత్రకారుడు. మోనే కాదు. కలువపూల చెరువులు వేసినాయన మోనే. తేడా ఒక్క ఓత్వం. ఈ తికమక మనకే కాదు, వాళ్ళ కాలంలోనే ఉంది. 1865లో పారిస్‌లో మోనే వేసిన సముద్రం బొమ్మలు చూసి జనం వచ్చి మానేకి అభినందనలు చెప్పారు. ఆయనకి ఒళ్ళు మండింది. తర్వాత ఇద్దరూ మంచి స్నేహితులయ్యారు లెండి.

బాబూ, ఆ లైట్లు తీసెయ్.

ఇదీ బొమ్మ. ‘ఫోలీ బెర్జేర్‌లో ఒక బార్’. ఎదువార్ మానే, 1882. తెర మీద ఇంత పెద్దగా కనిపిస్తోంది గానీ అసలు కాన్వాసు వెడల్పు 130 సెంటీమీటర్లు, ఎత్తు 96. ఒక్క నిమిషం నేనేం మాట్లాడను. చూడండి.

ఏం కనిపించింది? అమ్మాయి. సీసాలు. ఇంకా? ‘దిగులుగా ఉంది’. ఎవరండీ అన్నది? మీరేనా? ఆ మాట పక్కన పెట్టుకోండి, మళ్ళీ దాని దగ్గరికి వస్తాను.

నిజం చెప్పేస్తాను. నేను మొదటిసారి చూసినప్పుడు ఆ అమ్మాయిని చూడలేదు. సీసాని చూశాను. ఇదిగో, ఇక్కడ, గోధుమరంగు సీసా మీద ఎర్ర త్రికోణం. అప్పుడు నేను మాస్టర్స్ చదువుతున్నాను. మీలో సగం మందికి తెలిసిన కథే: వారానికి ఇరవై గంటలు, ఒక పబ్‌లో, కౌంటర్ వెనక. మా నాన్నగారికి మాత్రం ‘హోటల్ లైన్’ అని చెప్పాను. (నవ్వులు) ఆ పబ్‌లో బాస్ అనే బీరు అమ్మేవాళ్ళం. దాని గుర్తు ఎర్ర త్రికోణం. ఒకరోజు వాన పడుతుంటే, స్టూడెంట్లకి టికెట్ తక్కువ కదా అని సోమర్సెట్ హౌస్‌లో ఉన్న కోర్టాల్డ్ గ్యాలరీలోకి దూరాను. గదులు తిరుగుతుంటే గోడ మీద మా పబ్ సీసా కనిపించింది. నూట ఇరవై ఏళ్ళ కిందటి ఫ్రెంచి బొమ్మలో, నేను నిన్న రాత్రి తుడిచి పెట్టిన లేబుల్! అలా ఆగిపోయాను.

ఆ లేబుల్‌కి ఒక చరిత్ర ఉంది. ఇంగ్లండ్‌లో ట్రేడ్‌మార్కులు నమోదు చేసే చట్టం అమల్లోకి వచ్చింది 1876 జనవరి 1న. ఆ మొదటి రోజే, మొదటి నంబరు మీద నమోదైన గుర్తు ఈ ఎర్ర త్రికోణం. బర్టన్ ఊళ్ళో ఆ బాస్ బీరు కాచేవాళ్ళది. అంతకు యాభై ఏళ్ళ ముందే ఈ బర్టన్ వాళ్ళు పేల్ ఏల్ అనే బీరుని పీపాల్లో నింపి ఓడలెక్కించి మన దేశానికి, కంపెనీ దొరల కోసం పంపేవారు. ఇవాళ పబ్‌లో ‘ఐపీఏ’ అని అడుగుతారు చూడండి, అందులో మొదటి అక్షరం ఇండియా. అంటే మన రేవుల కోసం కాచిన బీరుకి తమ్ముడి లాంటి బీరు, పారిస్‌లో, ఫ్రెంచి షాంపేన్ పక్కన నిలబడింది. అంతర్జాతీయ వ్యాపారం అంటే ఏంటో మానే ఒక్క లేబుల్‌తో చూపించాడు. దాన్ని స్పష్టంగా, చదువుకునేంత వివరంగా వేశాడు కూడా. పక్కన పూలని మాత్రం నాలుగు కుంచె దెబ్బలతో తేల్చేశాడు.

సరే, కౌంటర్ మీద ఇంకా ఏమున్నాయి? బంగారు రేకు చుట్టిన షాంపేన్ సీసాలు. ఆకుపచ్చగా పుదీనా మద్యం. గాజుగిన్నెలో కమలాపళ్ళు. గ్లాసులో రెండు గులాబీలు. కింద పాలరాయి. షాంపేన్ ఐసులో లేదు, గమనించారా? నాలాంటి వాడు అదే గమనిస్తాడు. వెచ్చబడ్డ షాంపేన్ తెచ్చి పెడితే మా మేనేజర్ ఊరుకునేవాడు కాదు. కానీ బొమ్మలో అది తాగడానికి కాదు కదా, మెరవడానికి.

ఇప్పుడు వెనక్కి చూద్దాం. ఆమె వెనక కనిపించేదంతా అద్దం. హాలంతా అద్దంలోనే ఉంది. కౌంటర్ అవతల మనం నిలబడ్డాం, మన వెనక ఉన్నది ఆ అద్దంలో కనిపిస్తోంది. దీపాల గుత్తి, బాల్కనీ నిండా జనం, సిగరెట్ పొగలాంటి మసక. ఎవరో ఒకావిడ దుర్భిణి పెట్టుకుని ఎటో చూస్తోంది. స్తంభాల మీద ఆ రెండు తెల్లటి గుండ్రాలు విద్యుద్దీపాలు. గ్యాసు వెలుగు పచ్చగా, వెచ్చగా ఉంటుంది. ఇవి చల్లటి తెలుపు. పారిస్‌లో విద్యుత్తు మీద అంతర్జాతీయ ప్రదర్శన జరిగింది 1881లో, అంటే బొమ్మకి సరిగ్గా ముందు ఏడాది. కొత్త వస్తువు. మానే ఆ వెలుగుని రెండు తెల్లటి బిళ్ళలు అంటించినట్టు వేసేశాడు, నీడ లేదు, గుండ్రతనం లేదు.

ఎడమ పై మూల చూడండి. అదిగో, ఆకుపచ్చ బూట్లు. రెండు పాదాలు. ట్రపీజు మీద ఊగుతున్న సర్కస్ కళాకారిణి. ఆ సాయంత్రం జనం టికెట్ కొన్నది దేనికోసమో, దాన్ని మూలకి తోసి, పాదాలు మాత్రం మిగిల్చాడు! బాల్కనీలో కూడా ఎవరూ అటు చూడటం లేదు.

ఫోలీ బెర్జేర్ సంగతి కొంచెం చెప్పాలి. పారిస్ తొమ్మిదో వార్డులో రిషే వీధిలో 1869లో మొదలైంది. ముందు ఫోలీ త్రెవీజ్ అని పేరు పెట్టారు, దగ్గర్లోని వీధి పేరుతో. ఆ పేరున్న ప్రభువుగారు ‘మా ఇంటిపేరు డాన్సు హాలుకా?’ అని అభ్యంతరం చెప్పాడు. దాంతో 1872లో ఇంకో వీధి పేరు తగిలించారు, బెర్జేర్ అని. గారడీలు, బాలే, పాటలు, సర్కస్ ఫీట్లు, అన్నీ ఒకే కప్పు కింద. నాటకశాలలోలా కుర్చీకి అతుక్కుని కూర్చోనక్కర్లేదు. తిరగొచ్చు, తాగొచ్చు, ఎదుటివాళ్ళని చూడొచ్చు, మనం కనబడొచ్చు. చివరిదానికే చాలామంది వెళ్ళేవారు. అక్కడి బార్ అమ్మాయిలు సీసాలతో పాటు తామూ అమ్మకానికి ఉన్నారన్నది ఊళ్ళో మగవాళ్ళ మాట. 1885లో వచ్చిన నవల ఒకదానిలో ఫ్రెంచి రచయిత మపాసా కూడా ఇలాంటిదే రాశాడు. నిజమెంతో ఆ అమ్మాయిలకే తెలియాలి. బొమ్మ చూసే మగవాడి బుర్రలో ఆ ఊహ ఉంటుందని మాత్రం మానేకి బాగా తెలుసు.

మానే ఈ బొమ్మ వేసేనాటికి హాల్లోకి వెళ్ళి పొద్దుపోయేదాకా కూర్చునే స్థితిలో లేడు. ఎడమ కాలు పడిపోతోంది. సిఫిలిస్ ముదిరి నరాలకి పాకింది. హాల్లో కొన్ని స్కెచ్‌లు చేసుకుని, మిగతాది ఆమ్‌స్టర్డామ్ వీధిలోని తన స్టూడియోలో వేశాడు. అక్కడే ఒక పాలరాతి బల్ల, దాని మీద సీసాలు అమర్చాడు. ఫోలీ బెర్జేర్‌లో నిజంగా పనిచేసే అమ్మాయినే పిలిపించి ఆ బల్ల వెనక నిలబెట్టాడు. ఆమె పేరు సూజోన్. అంతకు మించి ఆమె గురించి చరిత్రకి మిగిలింది దాదాపు ఏమీ లేదు. ఆ చలికాలంలో స్టూడియోకి వెళ్ళిన జానియో అనే చిత్రకారుడు తర్వాత గుర్తుచేసుకున్నాడు: మానే కాసేపు వేసి, అలసిపోయి, సోఫా మీద వాలి, అక్కడినుంచే తన బొమ్మని పరీక్షగా చూసుకునేవాడట.

అంటే ఆ గదిలో ఇద్దరు. నిలబడలేని మనిషి ఒకరు. నిలబడటమే ఉద్యోగమైన మనిషి ఒకరు.

చేతుల దగ్గరికి వస్తున్నాను. నేను చెప్పదలుచుకున్నది నిజానికి ఇదొక్కటే. పుస్తకాలన్నీ అద్దం గురించి మాట్లాడతాయి. నేను చేతుల గురించి మాట్లాడతాను. దగ్గరగా చూపించు బాబూ. అదీ. రెండు అరచేతులూ పాలరాయి అంచుని పట్టుకున్నాయి. మణికట్ల లోపలి భాగం మన వైపు తిరిగింది. కుడి మణికట్టుకి కడియం. మోచేతుల దగ్గర లేసు, ఆపైన నల్ల మఖమలు జాకెట్, మెడలో నల్ల రిబ్బనుకి లాకెట్. ముంజేతుల చర్మం కొంచెం ఎర్రబడి ఉంది.

కౌంటర్ వెనక ఎనిమిది గంటలు నిలబడ్డవాళ్ళకి ఈ భంగిమ తెలుసు. మడమలు లాగుతుంటే బరువుని అరచేతుల మీదికి మారుస్తాం. కస్టమర్‌కి అది ‘చెప్పండి, ఏం కావాలి?’ అన్నట్టే ఉంటుంది. మనకి మాత్రం పది సెకన్ల విశ్రాంతి. ఆ పది సెకన్లలో చూపు కూడా ఎదుటివాడి మీద ఉన్నట్టే ఉండి ఉండదు. ఇందాక ‘దిగులు’ అన్నారు కదండీ. దిగులు కాదు అనను. కానీ నాకైతే అది షిఫ్టు మధ్యలో ఉండే ముఖం. ఆ టైములో ఎవరైనా ‘ఏంటి డల్‌గా ఉన్నావ్?’ అంటే మనకే ఆశ్చర్యంగా ఉంటుంది.

‘నీ పబ్ అనుభవాన్ని బొమ్మకి అంటగడుతున్నావు’ అంటారేమో. ఒక ఆధారం ఉంది. ఈ కాన్వాసుని ఎక్స్‌రే తీశారు. మానే మొదట వేసిన చేతులు ఇలా లేవు. ఒక చేత్తో రెండో చేతి మణికట్టు పట్టుకుని, నడుము దగ్గర ముడుచుకుని ఉండేవి. 1881లో వేసిన చిన్న నమూనాలో కూడా అంతే. మోడల్ కూడా వేరే అమ్మాయి. పెద్ద బొమ్మ వేస్తూ ఆ చేతులు విడదీసి, కిందికి దించి, రాతి మీద ఆనించాడు. అంటే ఈ చేతుల గురించి ఆయన ఆలోచించాడు.

అదే ఎక్స్‌రేలో ఇంకోటి కూడా బయటపడింది. అద్దంలో ఆమె ప్రతిబింబాన్ని విడతలు విడతలుగా కుడివైపుకి జరుపుకుంటూ పోయాడు. ఇక అద్దం గొడవ తప్పదు, వచ్చేద్దాం.

ఆమె మనకి ఎదురుగా, నిటారుగా నిలబడింది. అద్దం కూడా నేరుగా ఆమె వెనకే ఉంది, కింద బంగారు ఫ్రేము అడ్డంగా వెళ్తోంది చూడండి. అలాంటప్పుడు వీపు ప్రతిబింబం ఆమె వెనకే దాక్కోవాలి. కానీ ఎక్కడో కుడి చివర ఉంది. పైగా అక్కడ ఆమె ముందుకి వంగి, పొడుగు టోపీ పెట్టుకున్న మీసాలాయనతో మాట్లాడుతోంది. మరి ఇవతల ఆ మీసాలాయన ఏడీ? లేడు. ఆయన నిలబడాల్సిన చోట నిలబడింది... మీరే.

1882 సలోన్‌లో దీన్ని పెట్టినప్పుడు, అంటే పారిస్‌లో ఏటా జరిగే పెద్ద ప్రదర్శనలో, చాలామంది ఇది పొరపాటనుకున్నారు. ‘ఈయనకి అద్దం వేయడం రాదు’. స్తోప్ అనే కార్టూనిస్టు ఒక పత్రికలో ఈ బొమ్మని ‘సరిదిద్ది’ వేశాడు. కౌంటర్ ముందు మీసాలాయన్ని తెచ్చి నిలబెట్టాడు, వీపు మన వైపు. ఆ కార్టూన్ చూస్తే నాకు నవ్వు వస్తుంది గానీ, అసలు విషయం ముందుగా కనిపెట్టింది అతనే అనిపిస్తుంది. ఆ మనిషిని తెచ్చి నిలబెట్టగానే బొమ్మ చచ్చిపోయింది. ఇప్పుడు అది ఎవరో ఇద్దరి బేరం. మనం పక్కన తమాషా చూస్తున్నాం. మానే బొమ్మలో తప్పించుకునే వీల్లేదు. ఎదురుగా వెళ్ళి నిలబడితే నువ్వే కస్టమర్‌వి.

ఈ శతాబ్దం మొదట్లో మాల్కమ్ పార్క్ అనే ఆస్ట్రేలియా పరిశోధకుడు బల్ల, అద్దం, సీసాలు, మనుషుల్ని నిజంగా అమర్చి ఫోటో తీశాడు. చూసేవాడు మధ్యలో కాకుండా కుడిపక్కకి జరిగి నిలబడి, అక్కణ్ణుంచి ఏటవాలుగా చూస్తే, చాలావరకు ఇలాగే కనిపిస్తుందని చూపించాడు. అప్పుడు మీసాలాయన ఎడమవైపు ఫ్రేము బయట, ఎటో చూస్తూ ఉంటాడు. వాళ్ళిద్దరూ మాట్లాడుకోవడమే లేదు, అద్దంలో అలా కలిశారంతే. ఇది విన్నప్పుడు నాకు భలే అనిపించింది. కానీ నా అభిప్రాయం: లెక్క కుదిరినంత మాత్రాన బొమ్మ ముందు నిలబడితే కలిగే ఇబ్బంది పోదు. పక్కనుంచి చూసిన దృశ్యాన్ని ఎదురుగా చూసినట్టు వేశాడంటే, కావాలనే వేశాడు. నా మటుకు నాకు ఇది సులువుగానే అర్థమైంది. ఇవతల ఉన్నది ఆమె. అద్దంలో ఉన్నది ఆమె చేసే డ్యూటీ. రెండూ ఒకదాని వెనక ఒకటి సరిగ్గా దాక్కోవు.

మిషెల్ ఫూకో పేరు విన్నవాళ్ళుంటారు. ఆ ఫ్రెంచి తత్వవేత్త 1971లో ట్యునీషియాలో మానే మీద ఒక ఉపన్యాసం ఇచ్చాడు. బొమ్మ తర్వాత బొమ్మ చూపిస్తూ వెళ్ళి, చివర్న దీనితో ఆపాడు. ఆయన అడిగినవి చాలా మామూలు ప్రశ్నలు. చిత్రకారుడు ఎక్కడ నిలబడ్డాడు? ఎదురుగానా, పక్కనా? ఆ మనిషి అంత దగ్గరగా ఉంటే అతని నీడ ఆమె మీద పడాలి కదా, ఏది? అద్దంలో అతను ఆమెని పైనుంచి చూస్తున్నాడు, మరి మనకి ఆమె కళ్ళు మన కళ్ళకి సమంగా ఎందుకున్నాయి? మూడూ ఒకేసారి కుదరవు. అంటే చూసేవాడికి ఫలానా చోటు అని లేదు. అయిదు వందల ఏళ్ళుగా యూరప్ బొమ్మలు ‘నువ్విక్కడ నిలబడి చూడు’ అని చోటు చూపిస్తూ వచ్చాయి. ఇది చూపించదు. నేను ఇంతకు ముందే ‘నువ్వే కస్టమర్‌వి’ అన్నాను కదా, ఫూకో ఉంటే నన్ను పట్టుకునేవాడు. (నవ్వులు)

తర్వాత వాళ్ళ మీద దీని ప్రభావం అంటే ఒక్క ఉదాహరణ చాలు. కెనడా ఫోటోగ్రాఫర్ జెఫ్ వాల్ 1979లో ‘పిక్చర్ ఫర్ విమెన్’ అని ఒక పెద్ద ఫోటో తీశాడు. స్టూడియోలో ఎడమవైపు ఒకామె, ముందున్న బల్ల మీద చేతులు ఆనించి, సూజోన్ లాగే. కుడివైపు ఫోటోగ్రాఫర్, చేతిలో షట్టర్ తీగ. మధ్యలో కెమెరా, దాని కన్ను మన వైపు. అదంతా అద్దంలో కనిపిస్తున్న దృశ్యమే. మానే బొమ్మలో దాక్కున్న ప్రశ్నని ఆయన నడిమధ్యకి తెచ్చి స్టాండు మీద పెట్టాడు: ఎవరు ఎవర్ని చూస్తున్నారు, ఆ చూపు ఎవరి చేతిలో ఉంది? ఆడవాళ్ళని ఎలా చూస్తారు, ఎలా చూపిస్తారు అన్న చర్చ జోరుగా సాగుతున్న రోజులవి. ఆ చర్చకి ఈ బార్ బొమ్మ మంచి సరుకైంది. ఇంకోపక్క టి.జె. క్లార్క్ లాంటి చరిత్రకారులు 1980ల్లో దీన్ని డబ్బు, వర్గం వైపు నుంచి చదివారు. ఏ వర్గానికి చెందుతుందో తేల్చుకోనివ్వని ముఖం ఆ అమ్మాయిదని. 1996లో అయితే పన్నెండు మంది విమర్శకులు ఈ ఒక్క బొమ్మ మీదే రాసిన వ్యాసాలతో పుస్తకం వచ్చింది. పన్నెండు మంది! చేతుల మీద ఎక్కువ రాయలేదు, అది నా ఫిర్యాదు.

బొమ్మ చేతులు మారిన కథ చెప్పి ముగిస్తాను. 1883 ఏప్రిల్‌లో కాలు కుళ్ళిపోవడంతో మానే ఎడమ కాలు తీసేశారు. పదకొండు రోజులు బతికాడు. మరుసటేడు ఆయన బొమ్మల వేలంలో దీన్ని సంగీతకారుడు షాబ్రియే, ఆయన స్నేహితుడే, కొనుక్కుని ఇంట్లో పెట్టుకున్నాడు. తర్వాత రకరకాల చేతులు. 1926లో సామ్యూల్ కోర్టాల్డ్ దగ్గరికి వచ్చింది. ఈ కోర్టాల్డ్ ఎవరో తెలుసా? రేయాన్ వ్యాపారి. మన అమ్మమ్మలు ‘ఆర్టు సిల్కు’ చీర అనేవారే, ఆ సిల్కు. ఆర్టు సిల్కు డబ్బుతో ఆర్టు కొన్నాడు. (నవ్వులు) తమాషా ఏంటంటే, అదే 1926లో అక్కడ ఫోలీ బెర్జేర్‌లో జోసఫిన్ బేకర్ అరటిపళ్ళ గౌను వేసుకుని పారిస్‌ని ఊపేస్తోంది. హాలు తన దారిన తాను కొత్త ఆట ఆడుకుంటోంది. దాని పాత బార్ కౌంటర్ మాత్రం లండన్ చేరింది. 1934లో కోర్టాల్డ్ దాన్ని తన పేరున పెట్టిన సంస్థకే ఇచ్చేశాడు.

మధ్యలో గ్యాలరీ మరమ్మతులకి మూసినప్పుడు సూజోన్ పారిస్, టోక్యో తిరిగొచ్చింది. 2021 నవంబరు నుంచి మళ్ళీ ఇక్కడే. టెంపుల్ స్టేషన్‌లో దిగితే నడిచే దూరం. వెళ్ళండి. వెళ్ళినప్పుడు ఎడమ చివర ఉన్న సీసా చూడండి, అద్దం జోలికి పోకుండా. ఎర్రటి ద్రవం ఉన్న సీసా, దాని లేబుల్ మీద చిన్న అక్షరాలు. అది మద్యం కంపెనీ పేరు కాదు. ‘మానే, 1882’. సంతకం చేయడానికి కాన్వాసు మూల ఖాళీగా ఉన్నా, అమ్మకానికి పెట్టిన సరుకు మీద చేశాడు. ఆమె ఎడమపక్కనా కుడిపక్కనా వరసగా పేర్చిన సీసాల్లో ఆయనా ఒకడు.

సార్, మీ ప్రశ్న? ‘ఆమె నవ్వుతుందా ఎప్పుడైనా?’

నేను పది పదిహేను సార్లు వెళ్ళాను. ఇంతవరకూ లేదు. కానీ ఒకసారి, గ్యాలరీ మూసే వేళకి, ఆ గదిలో కాపలా ఉండే అమ్మాయి గోడ పక్కన నిలబడి ఒక కాలి మీద నుంచి ఇంకో కాలి మీదికి బరువు మారుస్తూ కనిపించింది. మా ఇద్దరి కళ్ళూ కలిశాయి. ‘ఎన్నింటికి అయిపోతుంది?’ అని అడిగాను. ‘ఇంకో ఇరవై నిమిషాలు’ అంది.

లైట్లు వెయ్యి బాబూ. పిల్లల కార్టూన్ అయిపోయినట్టుంది.